గోవా ఐరన్‌మ్యాన్: సైకిల్‌కు చోటివ్వని లాడ్జి, గంజి పోసిన ఇల్లు

గోవాలో ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి వెళ్లేవారు పణజీలో గది తీసుకునే ముందు సైకిల్‌ను గదిలోకి రానిస్తారో లేదో అడగండి. సరేనంటే ఆ మాటను మెసేజ్‌గా తెప్పించుకోండి. మేము ఫోనులో విని నమ్మాం.

పోటీలో దిగేది మావాడు, నేను తోడు. హైదరాబాద్ నుంచి కారు వెనక సీటులో సైకిల్‌ను పడుకోబెట్టి తీసుకెళ్లాం. దారిలో ఇబ్బందేమీ లేదు. శుక్రవారం సాయంత్రం లాడ్జికి చేరగానే గుమాస్తా మాట మార్చాడు. సైకిల్ కింద పార్కింగ్‌లోనే ఉండాలట. చూస్తే అది గేటూ కప్పూ లేని వీధి పక్క జాగా. స్టోరు గదిలో పెట్టాలంటే రాత్రికి 500 అదనం, దానికీ తాళం లేదు! ఏడాదిన్నరగా జీతంలో దాచుకుని కొన్న సైకిల్ అది. మావాడు గొడవ పడలేదు. మెట్ల మీద కూర్చుని గొలుసు తుడుస్తూ ఉండిపోయాడు. అది చూశాక నాకు కోపం ఆగలేదు. ముందే కట్టిన 2,800 వదిలేసి బయటికి వచ్చాం.

పణజీలోనే మీరామార్ బీచ్ దగ్గర ఒక సందులో పెద్దావిడ ఒకరు ఇంటి గదిని రోజుకు 2,200కు ఇచ్చారు. ముందుగదిలో కుర్చీలు జరిపి, టైర్ల కింద పాత దుప్పటి పరిచారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తట్టి రెండు గిన్నెల ‘పేజ్’ తెచ్చారు. ఎర్ర ఉప్పుడు బియ్యంతో కాచిన గంజి, పక్కన మామిడికాయ ఊరగాయ. పోటీ రోజున కొత్త తిండి ముట్టకూడదని నెలరోజులుగా నాకు చెబుతున్నవాడు గిన్నె ఖాళీ చేసి, “ఇది మా అమ్మమ్మ గంజే కదరా” అన్నాడు.

సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి 8 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. వెంట వెళ్లేవారు నీళ్లసీసా అందించినా నియమ విరుద్ధమే. నేను 450 పెట్టి కొన్న ఐసుపెట్టె అలాగే ఉండిపోయింది. టాక్సీల్లో వెంటపడకండి, పరుగు దారిలో ఒకేచోట నిలబడండి. చుట్లు తిరుగుతూ పోటీదారులే మళ్లీ మళ్లీ మీ ముందుకు వస్తారు. చివరిసారి వచ్చేసరికి మావాడి చొక్కా మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా చారలు కట్టింది. పేరు పెట్టి అరిచినా తల తిప్పలేదు.

8 గంటల 11 నిమిషాలకు గీత దాటాడు.

ఇంటికి వెళ్లేసరికి పెద్దావిడ వేడినీళ్లు కాచి ఉంచారు. లాడ్జివాళ్లకు డబ్బు కోసం ఇప్పటికి నాలుగుసార్లు ఫోను చేశాను. ఇచ్చేదాకా చేస్తూనే ఉంటాను.