కియా డీహెచ్‌సీపీ: ఒంగోలు క్యాంపస్‌లో జంట సర్వర్లు వాడి చూశాక

ఒంగోలు శివార్లలోని ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూసుకుంటాను. నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ కంప్యూటర్‌కూ ఐపీ అడ్రస్ ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. ఐఎస్‌సీ అనే సంస్థ తన పాత డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్‌ను 2022లో ఆపేశాక, వాళ్లదే అయిన కియాకి మారాం. మెయిన్ బ్లాకులో ఒక సర్వర్, హాస్టల్ బ్లాకులో ఒకటి. రెండూ పాత డెస్క్‌టాప్‌లే. ఐపీలు పంచడానికి అంతకన్నా అక్కర్లేదు.

హాట్ స్టాండ్‌బై పెట్టుకున్నాం, అంటే మెయిన్ బ్లాకుది పనిచేస్తుంటే హాస్టల్‌ది సిద్ధంగా కాచుకుని ఉంటుంది. రెండూ పని పంచుకునే లోడ్ బ్యాలెన్సింగ్ కూడా ఉంది గానీ, తేడా వచ్చినప్పుడు ఏ మెషీన్ లాగ్ చూడాలా అనే టెన్షన్ నాకొద్దు. లీజుల (ఏ ఐపీ ఎవరికి, ఎంతసేపటికి ఇచ్చారో ఆ లెక్క) వివరాలు రెండు సర్వర్లూ ఒకదానికొకటి నేరుగా చెప్పుకుంటాయి, వేరే డేటాబేస్ పని లేదు. క్యాంపస్ నెట్‌వర్క్ అంతా కలిసే కోర్ స్విచ్‌లో ప్రతి వీలాన్‌కీ (నెట్‌వర్క్‌లో విడదీసిన ఒక్కో భాగానికీ) రెండు సర్వర్ల ఐపీలూ హెల్పర్ అడ్రస్‌లుగా, అంటే రిక్వెస్టులు పంపాల్సిన చిరునామాలుగా ఇవ్వాలి. ఒకటే ఇస్తే రెండోది ఉండీ లేనట్టే.

డిఫాల్ట్ సెట్టింగులు మాత్రం రద్దీ నెట్‌వర్క్‌లకే సరిపోతాయి. స్టాండ్‌బై పది సెకన్లకోసారి మొదటిదాన్ని పలకరిస్తుంది. 60 సెకన్లు జవాబు రాకపోయినా వెంటనే పగ్గాలు తీసుకోదు. ఐపీ దొరక్క అడుగుతూనే ఉన్న క్లయింట్లు పదికి మించాలి, అప్పుడే అవతలిది పడిపోయిందని నమ్ముతుంది. మధ్యలో లింకు తెగినంత మాత్రాన రెండూ ఐపీలు ఇచ్చేయకూడదని ఆ జాగ్రత్త. సబబే. కానీ సంక్రాంతి సెలవుల్లో హాస్టల్లో నలుగురే ఉంటే ఆ లెక్క ఎప్పటికి నిండేను? లీజు ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, కొత్తగా వచ్చిన ఫోను మాత్రం ఐపీ కోసం తిరుగుతూనే ఉంటుంది. ఆ పదిని సున్నా చేశాం. రిక్వెస్టుల్ని సర్వర్లకు చేరవేసే రిలే మాకు మెయిన్ బ్లాకు వైపున్న కోర్ స్విచ్‌లోనే ఉంది కాబట్టి ఫైబర్ తెగితే హాస్టల్ సర్వర్‌కు రిక్వెస్టులే చేరవు, ఆ ధైర్యంతోనే. మీ వైరింగ్ వేరేగా ఉంటే గుడ్డిగా ఇలా చేయకండి.

అసలు పరీక్ష 2023 డిసెంబరులో, మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వచ్చింది. కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక చూస్తే మెయిన్ బ్లాకు మెషీన్ బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయి, గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లింది. బయటి నెట్ లేదు, టైము సరిచేసే దారీ లేదు. రెండు సర్వర్ల టైములో 60 సెకన్లకు మించి తేడా ఉంటే కియా ఆ జంటను విడదీస్తుంది. అయినా ఐపీలు వస్తూనే ఉంటాయి, లీజుల మార్పిడి మాత్రం ఆగిపోతుంది. పైకి అంతా బాగానే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫోన్ చేయరు. నాకు నచ్చనిది అదే. టైము సరిచేసి రెండింటినీ రీస్టార్ట్ చేస్తేనే మళ్లీ కలిశాయి.

ఇప్పుడు రెండూ కోర్ స్విచ్ నుంచే టైము తీసుకుంటున్నాయి. జంట స్థితి మారితే నా ఫోనుకు మెసేజ్ వచ్చేలా చిన్న స్క్రిప్టు రాసుకున్నాను, కియా తనంతట తాను చెప్పదు. ఇంత హంగామా ఒక్క ల్యాబ్ ఉన్నవాళ్లకు దండగ, రౌటర్‌లో ఉన్నదే చాలు. హాస్టల్ ఉంటే మాత్రం పెట్టుకోండి, డబ్బు కట్టాల్సిన పనీ లేదు.