వాడిన గేమ్ కన్సోల్ కొంటున్నారా? ఛార్జర్ పీకించి చూశాకే డబ్బు ఇవ్వండి

వాడిన నింటెండో స్విచ్ గానీ, అలా చేతిలో పట్టుకుని ఆడే మరో కన్సోల్ గానీ కడపలో, చుట్టుపక్కల ఊళ్ళలో కొనబోతున్నవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. పద్నాలుగు వేలు పోసి నేను ఇంటికి తెచ్చుకున్నది ఉబ్బుతున్న లిథియం బ్యాటరీని. దాన్ని మా మేనల్లుడు రెండు రాత్రులు దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మా అక్క కొడుకు ఈ ఏడాది తొమ్మిదో తరగతి పూర్తిచేశాడు. లెక్కల్లో తొంభై దాటితే స్విచ్ కొనిపెడతానని మాట ఇచ్చింది నేనే. వాడు తొంభై నాలుగు తెచ్చుకున్నాడు. నింటెండో ఈ యంత్రాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. దుకాణాల్లో ఉన్నవన్నీ ఎవరో బయటి దేశం నుంచి తెప్పించినవే, ధర కూడా అలాగే ఉంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్ వస్తువుల ప్రకటనలు వెతికాను. ఊళ్ళోనే ఒకటి కనబడింది. "మా బావ కువైట్ నుంచి తెచ్చాడన్నా, ఆరు నెలలు కూడా ఆడలేదు, బ్యాటరీ తొమ్మిది గంటలు వస్తుంది" అన్నాడు ఫోనులో అమ్మే కుర్రాడు. మా జిల్లాలో కువైట్‌లో పనిచేసే మనిషి లేని ఊరు అరుదు. వాళ్ళు వచ్చేటప్పుడు పెట్టెల్లో ఇలాంటివి తేవడం మామూలే. కాబట్టి ఆ మాట నమ్మాను.

కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఒక టీ కొట్టులో కలిశాం. కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. యంత్రం తళతళలాడుతోంది, తెర మీద ఒక్క గీత లేదు. ఆట పెట్టి చూపించాడు, రెండు చేతుల కంట్రోలర్లూ పనిచేశాయి. చూపించినంతసేపూ దానికి ఒక పవర్ బ్యాంకు తగిలించే ఉంది. "దారిలో ఛార్జింగ్ అయిపోయింది అన్నా, అందుకే పెట్టాను" అన్నాడు. నేను తల ఊపాను. నా పొరపాటు అక్కడే జరిగింది. ఆ కేబుల్ పీకి ఇంకో టీ తాగేంతసేపు ఆడించి ఉంటే విషయం అక్కడే తేలిపోయేది.

ఇంటికి తెచ్చాక మొదటిరోజు మా మేనల్లుడు నూరు శాతం ఛార్జింగ్ చేసి ఆడాడు. నలభై నిమిషాలకు ముప్పై ఒకటి చూపించింది. ఆ వెంటనే తెర నల్లబడింది. మళ్ళీ ఛార్జర్ పెడితే లేచింది. కుర్రాడికి ఫోను చేశాను. "అది శాతం తప్పుగా చూపించడమే అన్నా, నాలుగైదుసార్లు పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించండి, సర్దుకుంటుంది" అన్నాడు. ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే దీనికి పడిపోతాం. బ్యాటరీ బాగున్న యంత్రంలో కూడా శాతం లెక్క కొన్నిసార్లు తప్పుతుంది, పూర్తిగా ఎక్కించి దించితే సరవుతుంది. అయితే అప్పుడు తప్పేది అంకె మాత్రమే, ఆడే సమయం అలాగే ఉంటుంది. నలభై నిమిషాలకే యంత్రం ఆరిపోతే తప్పు అంకెది కాదు. నాకు అప్పటికి ఈ తేడా తెలియదు. ఆ కుర్రాడు చెప్పినట్లే చేయమని మేనల్లుడికి చెప్పాను. అసలే నలిగిన బ్యాటరీని రెండు రోజులు సున్నాకు దించి, నూరుకు ఎక్కించి మరింత నలిపాం.

మూడోరోజు ఉదయం అక్క దోసెలు పోస్తోంది. వాడు స్విచ్‌ను వంటింటి గట్టు మీద పెట్టాడు. మా ఇళ్ళలో గట్టు అంటే నల్లటి కడప బండ, పాలిష్ పట్టి నీళ్ళలా సమంగా ఉంటుంది. వాడు కన్సోల్ ఎడమ మూల మీద వేలు పెట్టి నొక్కాడు, కుడి మూల లేచింది. వదిలితే టక్కుమంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టక్కుమంది. "మామా, ఇది ఊగుతోంది చూడు" అన్నాడు. వంగి పక్కనుంచి చూశాను. వెనక పలక నడుమ భాగం పొట్టలా ముందుకు వచ్చింది. తెరకూ అంచుకూ మధ్య ఒకవైపు గోరు దూరేంత సందు. చేతితో తాకితే వెచ్చగా ఉంది, అప్పటికి గంట నుంచి ఎవరూ ఆడలేదు. వెంటనే ఛార్జర్ పీకి, యంత్రం ఆపేసి, దొడ్లో ఇసుక పోసిన మట్టి కుండీలో పెట్టాను.

చాలాకాలంగా ఫోన్లు, కన్సోళ్ళు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరకు మర్నాడు తీసుకెళ్ళాను. ఆయన మూత తీయకముందే, "ఇది ఎవరో ఒకసారి విప్పారు బాబూ" అన్నారు. స్విచ్ వెనక నాలుగు స్క్రూలుంటాయి, వాటి తలల్లో మూడు రెక్కల గాడి ఉంటుంది. మా దానిలో రెండింటి గాళ్ళు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇంకొకటి మామూలు ప్లస్ స్క్రూ. కొనేటప్పుడు అర నిమిషం వెనక్కి తిప్పి చూసి ఉంటే నాకూ కనబడేది. దయచేసి మీరు చూడండి. తెర మీద గీతలు అందరూ వెతుకుతారు, స్క్రూల వైపు ఎవరూ చూడరు.

లోపల నల్ల కాగితం చుట్టిన బ్యాటరీ, దిండులా ఉబ్బి ఉంది. మీద 6000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) అని పెద్ద అక్షరాలు. తయారీదారు పేరు లేదు, మన దేశపు నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు గానీ, దాని కింద ఉండాల్సిన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు గానీ లేవు. స్విచ్‌లో కంపెనీ పెట్టే బ్యాటరీ సంఖ్య హెచ్ఏసీ-003, సామర్థ్యం 4310 ఎంఏహెచ్. స్విచ్ లైట్ అనే చిన్న మోడల్‌లో ఉండేది 3570. అదే గూట్లో, అంతే మందంలో 6000 పట్టించగలిగితే కంపెనీయే పట్టించేది కదా! అంకె ఎంత పెద్దదైతే అనుమానం అంత పెద్దది కావాలి. సోనీ వాళ్ళ పాత చేతి కన్సోళ్ళు, పీఎస్‌పీలు వాడేవాళ్ళకు ఈ మోసం ముందే తెలుసు. పలుచటి పీఎస్‌పీ 2000, 3000 మోడళ్ళకు అసలు బ్యాటరీ 1200 ఎంఏహెచ్. అదే కొలతలో 3600 అని ముద్రవేసినవి ఇప్పటికీ అమ్ముతున్నారు.

ఇక ఆ తొమ్మిది గంటల మాట. ఇది కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఈ అబద్ధం చాలా తేలికగా చెబుతారు. 2017 మార్చిలో వచ్చిన మొదటి స్విచ్ కొత్తగా ఉన్నప్పుడే ఆటనుబట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు ఆడేది. 2019లో లోపలి చిప్ మార్చి విడుదల చేసినది నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు ఆడుతుంది. 2021లో ఓఎల్ఈడీ తెరతో వచ్చిన మోడలుదీ అదే లెక్క. 2017 రకానికీ 2019 రకానికీ బ్యాటరీ ఒకటే, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా మోడల్ సంఖ్యలో ఉంది. హెచ్ఏసీ-001 అని మాత్రమే ఉంటే పాతది. దాని తర్వాత బ్రాకెట్లలో -01 అని కూడా ఉంటే 2019 తర్వాతది. సీరియల్ నంబరు ఎక్స్‌కే అనే రెండు అక్షరాలతో మొదలైనా కొత్త రకమే. మాది పాతది. తొమ్మిది గంటలన్నది అది పుట్టినప్పుడు కూడా దాని వల్ల కాని పని.

కువైట్ మాట మీద కూడా తర్వాత ఆలోచించాను. అక్కడి గోడ ప్లగ్గులకు చదరపు పిన్నులు మూడుంటాయి. కుర్రాడు ఇచ్చిన ఛార్జరుకు మన గుండ్రటి పిన్నులు రెండు. దానంతట అదే రుజువు కాదు, అయినా "మరి అసలు ఛార్జర్ ఏది?" అని అడగాల్సిన ప్రశ్నను నేను అడగలేదు. స్విచ్‌తో వచ్చే అసలు ఛార్జర్ మీద 15 వోల్టులు, 2.6 యాంపియర్లు అని రాసి ఉంటుంది. 5 వోల్టుల పాత ఫోను ఛార్జర్ పెడితే ఎక్కడం ఆలస్యం. పెద్ద ఆట ఆడుతూ ఉంటే పెట్టినా శాతం తగ్గుతూనే ఉండవచ్చు. ఆ ఛార్జర్ చూపించి "నెమ్మదిగా ఎక్కుతుందిలెండి" అంటే బ్యాటరీ బాగోలేదన్న విషయం దాని చాటున దాగిపోతుంది.

మా వాడి అలవాట్ల గురించి కూడా చెప్పాలి. మంచి బ్యాటరీనైనా అవి త్వరగా చంపేస్తాయని ఆ పెద్దాయన కూర్చోబెట్టి వివరించారు. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇవే అలవాట్లు. పూర్తిగా ఆరిపోయేదాకా ఆడటం, తర్వాత రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయడం. "కొత్త బ్యాటరీని మొదటిసారి ఎనిమిది గంటలు ఎక్కించాలి, సున్నా అయ్యేదాకా వాడాలి" అనే మాట నికెల్ బ్యాటరీల కాలం నాటిది. లిథియం బ్యాటరీకి సున్నా మంచిది కాదు, నిండుగా ఎక్కి గంటల తరబడి వేడిలో ఉండటం అంతకన్నా మంచిది కాదు. ఇరవై, ముప్పై శాతానికి వచ్చినప్పుడు పెట్టి, ఎనభై, తొంభై దగ్గర తీసేస్తే అది ఎక్కువకాలం మన్నుతుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో తొంభై శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలు సెట్టింగుల్లోనే ఇచ్చారు. పాతవాటిలో అది లేదు, మనమే కనిపెట్టి ఉండాలి.

మన ఊరికి అన్నిటికన్నా ముఖ్యం వేడి. స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని నింటెండోయే చెబుతోంది. కడపలో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. మధ్యాహ్నం రేకుల గదిలో, ఛార్జింగ్ పెట్టి, పరుపు మీద ఆడితే ఏమవుతుంది? ఆడటం వల్ల ఒక వేడి, ఎక్కడం వల్ల ఇంకో వేడి, పైన గాలి పోయే సందులకు దుప్పటి అడ్డం. ఇప్పుడు మా ఇంట్లో తెల్లవారుజామున, అక్క లేచి పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు ఛార్జింగ్ పెడుతుంది, వాడు స్నానం చేసి వచ్చేసరికి తీసేస్తుంది. పెట్టేది ఆ కడప బండ మీదే, ఎండాకాలంలో కూడా ఉదయం పూట అది చల్లగా ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి.

పరీక్షలని ఏడాదిపాటు బీరువాలో దాచి, తర్వాత అమ్మేవాళ్ళు కూడా ఉంటారు. అలాంటిది కొనేటప్పుడు మరింత జాగ్రత్త. వాడకపోయినా కనీసం ఆరు నెలలకొకసారి ఛార్జింగ్ పెట్టమని కంపెనీ సూచన. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ లోలోపలే ఇంకా దిగిపోయి, ఇక ఎక్కకుండా పోవచ్చు. దాచాలనుకుంటే సగం ఛార్జింగ్‌తో, చల్లటి చోట దాచాలి. "అసలు వాడలేదు, పెట్టెలోనే ఉంది" అన్న మాట బ్యాటరీ విషయంలో గొప్ప కాదు.

ఉబ్బిన బ్యాటరీ ఎదురైతే గుండుసూదితో గుచ్చి గాలి తీయాలని ఎవరైనా అంటే వినకండి. నాకు ఇద్దరు చెప్పారు. లోపల ఉన్నది మంటనందుకునే వాయువు, గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే నిప్పు రేగవచ్చు. నొక్కకూడదు, వంచకూడదు, మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు, చెత్తబండిలోనూ వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని ఇంటి చెత్తతో కలపకుండా సేకరించేవాళ్ళకు అప్పగించాలి. మాది ఆ పెద్దాయనే తీసుకుని, ఈ-వ్యర్థాలు సేకరించేవాళ్ళకు ఇచ్చారు.

డబ్బు సంగతి: కుర్రాడు ఒకసారి "చూస్తాను" అన్నాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. రసీదు లేదు, కాగితం మీద ఒక్క ముక్క లేదు. కొత్త బ్యాటరీకి, కూలికి కలిపి ఇంకో మూడు వేలయ్యాయి. మీరు దుకాణంలో కొంటే మోడల్ సంఖ్య, బ్యాటరీ మార్చారా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవడానికి అదే ఆధారం. విడి మనిషి దగ్గర కొంటే కనీసం గంటసేపు కేబుల్ లేకుండా మీ ఎదుట ఆడించండి, మొదలుపెట్టిన శాతం, ఆపిన శాతం రాసుకోండి. సమంగా ఉన్న బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఒప్పుకోనంటే లేచి వచ్చేయండి.

ఇన్నాళ్ళకు ఇది రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి అదే ప్రకటన మళ్ళీ కనబడింది. ధర పదమూడు వేలు చేశారు, బ్యాటరీ తొమ్మిది గంటలని అలాగే ఉంది. ఫొటో కూడా పాతదే, పూలదుప్పటి మీద పెట్టి తీసింది. ఆ ఫొటోలోని యంత్రం మా ఇంట్లో ఉంది. ఇప్పుడు ఆ కుర్రాడు అమ్మబోయేది ఇంకొకటి.