సెకండ్ హ్యాండ్ సెడాన్: పెట్రోలా, డీజిలా, ఏ ఇంజిన్ మేలు?

ఐదారు లక్షల్లో ఇంటిల్లిపాదికీ సరిపడే సెడాన్ కోసం వెతికితే ఎక్కువగా ఎదురయ్యేవి నాలుగు: మారుతి సియాజ్, హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వెంటో. చాలామంది రంగు, అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ చూసి బండి ఎంచుకుంటారు. ఇంజిన్ సంగతి మాత్రం ‘డీజిల్ అయితే మైలేజీ వస్తుంది’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. కొత్త బండికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. ఏడెనిమిదేళ్లు తిరిగిన బండికి మైలేజీ రెండో ప్రశ్న. ఈ ఇంజిన్‌లో ఖరీదైన భాగాలు ఎన్ని ఉన్నాయి, అవి ఇప్పుడు ఎంత అరిగాయి అన్నది మొదటి ప్రశ్న.

అయినా మైలేజీ లెక్కే ముందు వేద్దాం. 2022 మధ్య నుంచి ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైన, డీజిల్ 95 పైన నడిచాయి. ఊళ్లోనూ హైవేలోనూ కలిపి పెట్రోలు సెడాన్ 15, డీజిల్ సెడాన్ 20 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు దాదాపు 7.15, డీజిల్ ఖర్చు 4.80. తేడా 2.35 రూపాయలు. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మిగిలేది 19 వేల లోపు. 20,000 తిరిగితే 47 వేలు. డీజిల్‌లో ఇంధనం చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఒకేసారి పాడయ్యాయంటే బిల్లు సులువుగా లక్ష దాటుతుంది. అంటే మొదటి ఇంటివాళ్లు ఐదేళ్లు కూడబెట్టింది ఒక్క రిపేరుకే పోతుంది. రెండో ఇంటివాళ్లు రెండేళ్లు దాటగానే దాన్ని రాబట్టుకుంటారు. ఏడాదికి 15,000 దాటి, అందులో సగానికి పైగా హైవే ఉంటేనే పాత డీజిల్ వైపు చూడాలి. ఆఫీసుకీ బడికీ కూరగాయలకీ తిరిగే బండికి టర్బో లేని మామూలు పెట్రోలే మేలు.

ఇంకో చిక్కు: డీజిల్ కొన్నవాళ్లు ఎక్కువ తిరగడానికే కొన్నారు. 2015 డీజిల్ సియాజ్ మీటరులో 58,000 కనిపిస్తే సంతోషపడకుండా అనుమానించండి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగ్ పైభాగం మెరుస్తోందా, డ్రైవరు సీటు పక్క దిమ్మె కుంగిందా చూడండి. తర్వాత రిజిస్ట్రేషన్ నంబరుతో షోరూమ్ ట్రాక్ (సర్వీసుల చరిత్ర) తీయించండి. చివరి సర్వీసులో 1,10,000 ఉండి ఇప్పుడు 58,000 ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

సియాజ్‌లో నాలుగు ఇంజిన్లు

2014 అక్టోబరులో వచ్చిన సియాజ్‌కు మొదట 1.4 పెట్రోలు, 1.3 డీజిల్ ఉండేవి. 2018 ఆగస్టులో 1.4 స్థానంలో 1.5 పెట్రోలు, 2019 మొదట్లో 1.3 స్థానంలో మారుతి సొంతంగా చేసిన 1.5 డీజిల్ వచ్చాయి. బీఎస్-6 కాలుష్య నియమాలు రాగానే 2020లో డీజిల్ పూర్తిగా ఆగిపోయింది.

1.4 పెట్రోలు 1373 సీసీ, టార్క్ (లాగే బలం) 130 న్యూటన్ మీటర్లు. ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కితే రెండో గేరుకు దిగక తప్పదు. పికప్ కోరేవాళ్లకు నచ్చదు. కానీ దీంట్లో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు: టర్బో లేదు, పెట్రోలు వాల్వుల ముందే, గాలి వచ్చే మానిఫోల్డ్‌లో చిమ్ముతుంది, వాల్వులను వేళకు కదిలించడానికి బెల్టుకు బదులు టైమింగ్ చైన్. ఆయిల్ వేళకు మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు పెద్ద విషయం కాదు.

1.5 పెట్రోలు 1462 సీసీ, 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 138 న్యూటన్ మీటర్లు. దీనికి ఎస్‌హెచ్‌వీఎస్ అనే చిన్న హైబ్రిడ్ ఏర్పాటుంది. బెల్టుతో తిరిగే మోటారే స్టార్టరుగా, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరుగా పనిచేస్తుంది. మామూలు బ్యాటరీకి తోడు చిన్న లిథియం అయాన్ బ్యాటరీ కూడా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ లేవకపోతుంటే బ్యాటరీ నీరసపడిందేమో చూడాలి. ఆ బ్యాటరీల ధర మామూలు వాటికంటే ఎక్కువ. 2019 జనవరి 1 నుంచి నవంబరు 21 దాకా తయారైన ఎస్‌హెచ్‌వీఎస్ పెట్రోలు సియాజ్, ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 బండ్లు 63,493 వరకు ఈ మోటారు తనిఖీ కోసమే 2019 డిసెంబరులో రీకాల్ అయ్యాయి. ఆ నెలల బండి దొరికితే చాసిస్ నంబరు ఇచ్చి పని జరిగిందో లేదో షోరూమ్‌లో అడగండి. ఈ నాలుగింటిలో కళ్లు మూసుకుని తీసుకోదగ్గది ఏదైనా ఉంటే ఈ 1.5 పెట్రోలే, కాకపోతే ధర కాస్త ఎక్కువ పలుకుతుంది.

1.3 డీజిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఇదే కాబట్టి. ఇది ఫియట్ మల్టీజెట్. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, లీనియా అన్నిటిలోనూ ఇదే కుటుంబపు ఇంజిన్. నరసరావుపేటలోనైనా నిర్మల్‌లోనైనా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు, సామాన్లు దొరుకుతాయి. 90 పీఎస్, 1750 ఆర్‌పీఎం దగ్గర 200 న్యూటన్ మీటర్లు. ఆ 1750 కింద మాత్రం ప్రాణం ఉండదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడపాల్సి వస్తుంది, క్లచ్ ప్లేటు తొందరగా పోతుంది.

దీని అసలు బలహీనత టైమింగ్ చైన్. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఈ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో పట్టేది సుమారు మూడు లీటర్లే. లీటరు తగ్గినా, సర్వీసు ఐదారు వేల కిలోమీటర్లు ఆలస్యమైనా చైన్ వదులవుతుంది. పొద్దున్నే మొదటి స్టార్టులో రెండు మూడు సెకన్లు గరగరమంటుంది. ఆ శబ్దం విని కూడా నడిపితే ఒక రోజు చైన్ పన్ను దాటి, వాల్వులు పిస్టన్లకు తగిలి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి. అప్పుడు ఇంజిన్ పైభాగం (హెడ్) దించాల్సిందే. లక్ష దాటిన బండికి చైన్ కిట్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయం. ఈ 90 పీఎస్ రకంలో టర్బో లోపలి రెక్కలు (వేన్లు) కదిలే రకం. ఊళ్లోనే నెమ్మదిగా తిప్పిన బండిలో మసి పట్టి అవి బిగుసుకుంటాయి. ఇంజిన్ లైటు వెలిగి, పవర్ ఒక్కసారిగా పడిపోవడం దాని గుర్తు.

1.5 డీజిల్ నడపడానికి ఇంకా బాగుంటుంది: 225 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు. కానీ అమ్మింది ఏడాదికి కాస్త అటూ ఇటూ. బయటి షెడ్డుల్లో దీని మీద చేయి తిరిగినవాళ్లు తక్కువ. షోరూమ్ దగ్గర్లో ఉన్నవాళ్లకే ఇది.

సిటీ, వెర్నా, వెంటో

2014 నాటి నాలుగో తరం సిటీలో పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య అనుమానమే అక్కర్లేదు. 1497 సీసీ ఐ-వీటెక్ పెట్రోలు 119 పీఎస్ ఇస్తుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఉత్సాహం పెరిగే ఇంజిన్. వాల్వులను నొక్కే దీని టాపెట్లు తమంతట తాము సర్దుకునే హైడ్రాలిక్ రకం కావు, స్క్రూతో గ్యాప్ సరిచేయాలి. సుమారు 40,000 కిలోమీటర్లకోసారి చూపించకపోతే టకటకమంటుంది. గ్యాప్ మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. గ్యాస్ కిట్ బిగించి తిప్పిన బండిలో ఈ ముప్పు ఎక్కువ. కిట్ తీసేసి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆర్సీలో ఇంధనం ఏమని రాసుందో, డిక్కీలో సిలిండరు బిగించిన బోల్టు రంధ్రాలున్నాయో చూడండి. 2018లో తయారైన కొన్ని హోండా కార్లకు ఇంధన పంపు మార్చే రీకాల్ వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోవడం ఆ లోపం లక్షణం. సిటీ ఐ-డీటెక్ డీజిల్ మైలేజీలో గట్టిదే, కంపెనీ లెక్క 25 పైనే. కానీ క్యాబిన్‌లోకి వచ్చే శబ్దం, సామాన్ల ధర చూస్తే సియాజ్ డీజిల్ ముందు నిలవదు.

వెర్నాలో 1.6 సీఆర్‌డీఐ 128 పీఎస్, ఆ రోజుల్లో ఈ తరగతి డీజిళ్లన్నిటిలోకీ బలమైనది. విజయవాడ హైవే మీద ఓవర్‌టేక్ చేయడానికి మూడో గేరు దాకా దిగాల్సిన పనే ఉండదు. 2011–17 నాటి బాడీలో మాత్రం వేగంలో సస్పెన్షన్ తేలినట్టుంటుంది. ఇంజిన్ నచ్చితే 2017 ఆగస్టు తర్వాతి బండే వెతకండి. 1.4 ఇంజిన్లు వదిలేయొచ్చు.

వెంటోలో పాత 1.6 పెట్రోలు పర్వాలేదు. 1.6 టీడీఐ డీజిల్‌కు చైన్ కాదు, టైమింగ్ బెల్టు. మార్చిన బిల్లు లేకపోతే కొన్న వారంలోనే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించాలి. 1.2 టీఎస్ఐ టర్బో పెట్రోలు నడిపితే మనసు పారేసుకుంటారు. దానితో వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్)లో క్లచ్చులు ఆయిల్‌లో మునగని పొడి రకం. హైదరాబాద్ ఎండలో, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కి వణుకుతాయి. గేర్లు మార్చే మెకాట్రానిక్స్ యూనిట్ పోతే లక్ష పైన సిద్ధం చేసుకోవాలి. పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్మడం వల్ల ఇన్‌టేక్ వాల్వుల మీద మసి గడ్డకడుతుంది, కడిగే పెట్రోలు అక్కడికి చేరదు కాబట్టి.

ఆటోమేటిక్ కావాలంటే ఇంజిన్‌తో పాటు గేర్‌బాక్స్‌నూ తూకం వేయాలి. సియాజ్ పెట్రోలులోని నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ పాత పద్ధతి, మైలేజీ ఒకటి రెండు తగ్గుతుంది. కానీ గట్టిది. 2017 వెర్నాలోని ఆరు గేర్లదీ అంతే. సిటీ సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) మెత్తగా నడుస్తుంది, కాకపోతే దానికి ప్రత్యేకమైన ఫ్లూయిడే పోయాలి. మార్చిన దాఖలా లేకుండా, కదిలేటప్పుడు చిన్న వణుకు తగిలితే వదిలేయండి.

బీఎస్-6 డీజిల్, ఈ20 పెట్రోలు

2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ సిటీ, వెర్నా కొత్తగా కనిపించి ఆశపెడతాయి. వీటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇరవై నిమిషాలైనా ఆగకుండా హైవే వేగంలో నడవాలి. రోజూ ఆరేడు కిలోమీటర్లే తిరిగితే ఫిల్టరు నిండుతుంది. కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్ సంపులోకి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి కనిపిస్తే, బాగా పోశారని కాదు, డీజిల్ కలిసిందని అనుకోవాలి.

పెట్రోలు వైపు బెంగ ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందరి బండ్లలో ఎక్కువ భాగం 10 శాతం ఇథనాల్‌కు తగ్గట్టు చేసినవి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి 10 నుంచి 20 శాతానికి వెళ్తే మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గడం సహజం. పాత బండిలో ఇంధన గొట్టాల రబ్బరు గట్టిపడిందా, పగుళ్లున్నాయా చూసి మార్చుకుంటే చాలు. దీనికి భయపడి డీజిల్‌కు వెళ్లనక్కర్లేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

పొద్దున్నే వెళ్లండి, వచ్చేలోగా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే శబ్దమో పొగో దాచడానికి ముందే తిప్పి ఉండొచ్చు. చల్లటి స్టార్టులో నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. డీజిల్‌లో గట్టిగా తొక్కినప్పుడు నల్లటి మేఘం లేస్తే ఇంజెక్టర్లో, పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆరో, గాలి దారో తేల్చుకోవాలి.

ఐడిల్‌లో ఆయిల్ మూత తీయండి. కొంచెం ఆవిరి మామూలే. ఊదినట్టు కొడితే పిస్టన్ రింగులు అరిగాయి. మూత అడుగున మజ్జిగ లాంటి తెట్టె ఉంటే నీరు కలిసింది. రోడ్డు మీద 40 వేగంలో నాలుగో గేరు వేసి పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు పని అయిపోయింది.

డీజిల్‌కు ఇంకో రెండు పనులు తప్పనిసరి. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టించి నాలుగు ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు (ఒక్కోదానికి ఇంజిన్ డీజిల్ మోతాదును ఎంత సరిచేస్తోందో) చూడాలి. ఒకటి మిగతా మూడింటికి దూరంగా ఉంటే అదే తర్వాతి బిల్లు. ఆపైన లీక్-ఆఫ్ పరీక్ష: నాలుగు రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి కొద్ది నిమిషాలు నడిపితే, అరిగిన ఇంజెక్టరు సీసాలో మిగతా వాటికంటే బాగా ఎక్కువ డీజిల్ చేరుతుంది. డీజిల్ పంపు మెకానిక్ దగ్గర గంట పని. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే ఆ బండి పక్కన పెట్టేయండి.

ఏ ఇంజిన్ అయినా వరద నీళ్లు తాగి ఉంటే ఈ లెక్కలన్నీ దండగ. 2020 అక్టోబరు హైదరాబాద్ వానల్లో, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లు చాలానే ఉన్నాయి. నీళ్లు లాగిన సిలిండరులో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొన్నిసార్లు నెలల తర్వాత విరుగుతుంది. సీట్ బెల్టు చివరిదాకా లాగి బురద మరక, స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు కింది కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉన్నాయేమో వెతకండి.

ఇక ఢిల్లీ డీజిళ్లు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఏళ్ల తరబడి ఉన్న ఆంక్షల వల్ల, గడువు దగ్గరపడ్డవి చవగ్గా మన వైపు వచ్చాయి. బండి ధరకు తోడు అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ టాక్స్, తిరిగి రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూశాకే అది చవకో కాదో తెలుస్తుంది. ఎన్‌వోసీ చేతికి రాకముందు అడ్వాన్సు మించి ఇవ్వకండి.