మ్యాచ్డ్ గ్రిప్పా, ట్రెడిషనల్ గ్రిప్పా: డ్రమ్స్ మొదలుపెట్టేవాళ్ళకి ఏది మేలు?

విజయవాడలో డ్రమ్స్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి చర్చి క్వైర్‌లోనో, కాలేజీ బ్యాండ్‌లోనో వాయించాలని ఉంటుంది. వీడియోల్లో ఒకరు రెండు చేతుల్లో స్టిక్స్‌ని ఒకేలా పట్టుకుంటారు, అది మ్యాచ్డ్ గ్రిప్. మరొకరి ఎడమ చెయ్యి మాత్రం వెల్లకిలా తిరిగి ఉంటుంది, అది ట్రెడిషనల్. ఏది నేర్చుకోవాలో తెలియక ఆగిపోతారు. డ్రమ్ సెట్ మీద వాయించేవాళ్ళకి మ్యాచ్డ్ గ్రిప్పే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు.

ట్రెడిషనల్ గ్రిప్ పుట్టింది నడుస్తూ వాయించేవాళ్ళ అవసరం కోసం. పట్టీతో భుజానికి వేలాడే డ్రమ్ము ఒక పక్కకి వాలుతుంది. రెండు చేతులూ ఒకేలా పెడితే ఎడమ మోచెయ్యి బాగా పైకి ఎత్తాల్సి వస్తుంది. అందుకే ఆ చేతిని తిప్పి, స్టిక్‌ని బొటనవేలి సందులో ఇరికించి, ఉంగరపు వేలి మీద ఆన్చారు. జనవరి 26న పరేడ్ చూసేటప్పుడు సైడ్ డ్రమ్ముల వరుస మీద కన్నేయండి, సంగతి మీకే అర్థమవుతుంది. డ్రమ్ సెట్‌లో స్నేర్ (వాయించేవాళ్ళ ముందుండే ముఖ్యమైన డ్రమ్ము) స్టాండ్ మీద ఉంటుంది, కావలసినట్టు సమంగా పెట్టుకోవచ్చు. అక్కడ ఆ అవసరమే లేదు.

అలాగని ఆ పట్టుని తక్కువ చెయ్యను. బడ్డీ రిచ్, మాక్స్ రోచ్ వంటి జాజ్ మహామహులు దాంతోనే వాయించారు. రాక్‌లో రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ కూడా అంతే. కానీ 1964లో అమెరికా టీవీలో బీటిల్స్ వాయించినప్పుడు వాళ్ళ డ్రమ్మర్ రింగో స్టార్ రెండు చేతులూ ఒకేలా పట్టడం కోట్ల మంది చూశారు. ఆ తర్వాత రాక్‌లో ఆ పద్ధతే నిలబడిపోయింది.

మ్యాచ్డ్‌లో అసలు లాభం ఏమిటంటే, కుడి చెయ్యి చేసేదాన్ని చూసి ఎడమ చెయ్యి నేర్చుకుంటుంది. ట్రెడిషనల్‌లో ఎడమ మణికట్టు తాళంచెవి తిప్పినట్టు తిరగాలి, అంటే ఒక్కో చేతికీ విడిగా పాఠం. ఉన్న కొద్ది సమయంలో రెండు పాఠాలెందుకు?

మ్యాచ్డ్‌లోనూ మూడు రకాలున్నాయి. అరచేతులు నేలవైపు ఉంటే జర్మన్, మణికట్టు బలం ఎక్కువ. బొటనవేళ్ళు పైకుంటే ఫ్రెంచ్, పని వేళ్ళది. రెండిటికీ మధ్య అమెరికన్. మొదలుపెట్టేవాళ్ళకి అమెరికనే సుఖం. రైడ్ సింబల్ (లయ నడిపే పెద్ద ఇత్తడి పళ్ళెం) మీద వేగం కావాల్సినప్పుడు చెయ్యి కొంచెం తిప్పితే ఫ్రెంచ్ అవుతుంది.

ఏ పట్టైనా ప్రాణం ఫల్క్రమ్‌లో, అంటే స్టిక్ ఇరుసులా ఊగే చోటులో ఉంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య స్టిక్‌ని వదులుగా పట్టుకుని సాధన చేసే రబ్బరు ప్యాడ్ మీద పడనివ్వండి. ఎన్నిసార్లు ఎగిరిందో లెక్కపెట్టండి. వేళ్ళని కొంచెం ముందుకీ వెనక్కీ జరిపి మళ్ళీ చూడండి. ఎక్కువసార్లు ఎగిరిన చోటే మీ ఫల్క్రమ్. చాలామందికి అది వెనక చివర నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది. మిగతా మూడు వేళ్ళూ స్టిక్‌ని తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. పిల్లలు ఇక్కడే తప్పిపోతారు. మే నెల ఉక్కపోతలో చేతులు చెమటపడితే స్టిక్ జారుతుందని బిగించేస్తారు, ముంజెయ్యి నొప్పెడుతుంది. పక్కన తువ్వాలు పెట్టుకోండి, పట్టు మాత్రం బిగించొద్దు. నొప్పి మొదలైతే అక్కడే ఆపాలి.

అపార్ట్‌మెంట్‌లో చప్పుడు కాకుండా దిండు మీద సాధన చేస్తే చాలదా అంటారు. దిండు స్టిక్‌ని తిరిగి ఎగరనివ్వదు. మణికట్టుకి కసరత్తు దొరుకుతుంది కానీ రీబౌండ్ అలవాటు కాదు. ముందు రబ్బరు ప్యాడ్ కొనండి, దిండు సంగతి తర్వాత. స్టిక్స్ 5ఏ సైజువి తీసుకోండి. చిన్న చేతులకైతే 7ఏ సన్నగా, తేలిగ్గా ఉంటుంది.

పోలీస్ బ్యాండ్‌లోనో, కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లోనో సైడ్ డ్రమ్ము వాయించబోతుంటే మాత్రం అక్కడి మాస్టారు చూపించిన పట్టే మొదటిరోజు నుంచీ నేర్చుకోండి. వరుసలో అందరి చేతులూ ఒకేలా కదలాలి.