స్తావిస్కీ: తాకట్టు కొట్టు మనిషి చూసిన ఫ్రెంచి సినిమా

1930ల ఫ్రాన్సులో నిజంగా ఉన్న స్తావిస్కీ అనే మోసగాడి కథతో అలెన్ రెనే 1974లో తీసిన ‘స్తావిస్కీ’ చూశాను. స్తావిస్కీగా వేసిన బెల్మోండో కోసం, చార్లెస్ బోయే కోసం తప్పకుండా చూడాలి. కానీ నేను ఎదురుచూసిన చోటే దర్శకుడు గబగబా దాటేశాడు.

బరంపురంలో ఒక తాకట్టు కొట్లో లెక్కలు రాస్తాను. స్తావిస్కీ మోసం పుట్టిందీ తాకట్టు దగ్గరే. బయోన్ అనే ఊళ్లో మున్సిపాలిటీ తాకట్టు సంస్థ పేరు మీద బాండ్లు రాయించాడు. కౌంటర్‌ఫాయిల్‌లో (సంస్థ దగ్గర మిగిలే ముక్కలో) చిన్న మొత్తం, బాండులో పెద్ద మొత్తం. అలా 20 కోట్ల ఫ్రాంకులకు పైగా లాగేశారు. మా కొట్లో రసీదుకీ కౌంటర్‌ఫాయిల్‌కీ వంద రూపాయలు తేడా వచ్చినా ఆ రాత్రి ఎవరూ ఇంటికెళ్లరు. అందుకే ఆ రాసే చేతిని కాసేపు దగ్గరగా చూపిస్తాడని ఆశపడ్డాను. సినిమా నిండా పూలు, కార్లు, స్తావిస్కీ భార్యగా వేసిన ఆనీ డ్యూపెరే డ్రెస్సులే.

ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ బాండ్లు కొనొచ్చని దాలిమియే అనే ఫ్రెంచి మంత్రి ఉత్తరం రాశాడు. నాకు కడుపు మండేది ఇక్కడే. మా మేనత్త గాజులు కుదవపెట్టి ఆ డబ్బు ఒక చిట్‌ఫండ్ కంపెనీలో వేసింది. ఏజెంటు చూపించిందల్లా ఒక నాయకుడు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో. గాజులూ పోయాయి, డబ్బూ పోయింది. ఒడిశా చిట్‌ఫండ్ కేసుల్ని 2014లో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. అత్త దగ్గర ఆ కంపెనీ కాగితం ఇప్పటికీ ఉంది.

బెల్మోండో నవ్వితే మనమూ డబ్బు తీసి ఇచ్చేస్తాం, అంత బాగా చేశాడు. నాటకంలో వేషం కోసం వచ్చిన శరణార్థి అమ్మాయికి ఎదురు డైలాగులు తనే చదివే సీన్ ఒక్కటి చాలు. మాయగాడిలో మనిషి కనిపిస్తాడు. స్తావిస్కీ స్నేహితుడైన బారన్‌గా (ఫ్రెంచి ప్రభువుగా) బోయే ఇంకా గొప్ప. స్నేహితుడి మీద ఈగ వాలనివ్వని ఆ పెద్దాయన్ని చూస్తే కంపెనీ కాగితం ఇంకా దాచుకున్న మా అత్తే గుర్తొచ్చింది. కాన్ సినిమా పండగలో బోయేని ప్రత్యేకంగా గౌరవించారు, న్యాయమే.

కథ ముందుకీ వెనక్కీ దూకుతుంది, మధ్యలో రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ ఫ్రాన్సులో గడిపిన ప్రవాసం వస్తుంది. మొదట్లో కాస్త తికమక. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే తేలిక: 1934 జనవరి 8న షామొనీ అనే ఫ్రెంచి కొండ ఊళ్లో స్తావిస్కీ చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు, జనం నమ్మలేదు. ఈ కుంభకోణం దెబ్బకే ఆ నెలలోనే ప్రధాని షోతాన్ దిగిపోయాడు. ఫిబ్రవరి 6న పారిస్‌లో అల్లర్లు, కాల్పులు. మర్నాడే కొత్త ప్రధాని దలాదియే కూడా రాజీనామా చేశాడు. మనకి ఫ్రెంచి రాదు కాబట్టి సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటే వెతుక్కోండి.