మాస్టరింగ్ ప్లగిన్: బీటా పట్టాలా, ట్రయల్ చాలా?

అమలాపురంలో మా మేడమీద గదిలో, ఫ్యాన్ ఆపేసి, పాటకి చివరి మెరుగు దిద్దే ఈ సాఫ్ట్‌వేర్‌ని రెండు రకాలుగానూ వాడి చూశాను: ట్రయల్ అంటే కొనేముందు వాడి చూసేది, బీటా అంటే ఇంకా పరీక్షలో ఉన్నది, అందులో తప్పులు పట్టి తయారీవాళ్లకి రాయాలి.

ఖర్చు: మామూలుగా దేనికీ రూపాయి పడదు, ట్రయల్‌కి గడువుంటుంది, అంతే.

శ్రమ: ట్రయల్‌లో మన పాట వేసి, బైపాస్ (ప్లగిన్‌ని పక్కనపెట్టే బటన్) నొక్కుతూ, ప్లగిన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ సౌండ్‌ని ఒకే లెవెల్‌కి తెచ్చి వింటే చాలు, లెవెల్ కలపకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది, అందరం బోల్తా పడేది ఇక్కడే. బీటాలో తయారీవాళ్లకి "ఏదో తేడాగా ఉంది" అని రాస్తే కుదరదు. మన సెట్టింగులతో సహా, "శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్, బఫర్ 256, సీలింగ్ (సౌండ్ దాటకూడని హద్దు) మైనస్ 1 డీబీ పెట్టినా డప్పు దెబ్బకి ట్రూ పీక్ (సౌండ్ అసలు గరిష్ఠ స్థాయి) ఆ హద్దు దాటింది" అని రాసి, ఆ పది సెకన్ల క్లిప్ జతచేయాలి.

రిస్క్: బీటా ఓసారి నా ప్రాజెక్టును సేవ్ చేయకముందే మింగేసింది.

ప్రభల తీర్థం పాట రేపే ఇవ్వాలంటే ట్రయలే. తీరికా, పాత ప్రాజెక్టు కాపీ ఉంటే బీటా పట్టండి.