బార్‌కోడ్ పక్కన చిన్న అక్షరం: సూపర్‌హీరో కామిక్స్ వయసు ముద్రల మీద సమీక్ష

బొమ్మలున్నాయి కదా, పిల్లలదే అయ్యుంటుందని అట్ట చూసి కొనేస్తారు చాలామంది. అట్ట మీద బ్యాట్‌మ్యాన్ ఉంటాడు. ఎనిమిదేళ్ల పిల్లల కోసం గీసిన పుస్తకం మీదా అతనే, పదిహేడు నిండినవాళ్లే చదవాలని ముద్ర వేసిన పుస్తకం మీదా అతనే. బ్యాట్‌మ్యాన్ కథల్లోని హార్లీ క్విన్‌ని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 'డీసీ సూపర్ హీరో గర్ల్స్' పుస్తకాల్లో ఆమె బడికెళ్లే అల్లరి పిల్ల. 2019లో వచ్చిన 'హార్లీన్'లో ఒక హంతకుడి మాటల్లో పడి బతుకు చేజార్చుకునే మానసిక వైద్యురాలు. రెండూ మంచి పుస్తకాలే. కొనేవాళ్లకి ఏది ఎవరిదో చెప్పాల్సింది ముద్ర ఒక్కటే. ఆ ముద్రలు ఎంతవరకు నమ్మదగ్గవి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే ఇక్కడి పరిశీలన.

అసలు సూపర్‌హీరో కామిక్స్‌లో పెద్దల విషయాలు ఉండాలా అన్న ప్రశ్నకి ముందే జవాబు చెప్పేయడం మంచిది. ఉండాలి. 1986-87లో 12 సంచికలుగా వచ్చిన 'వాచ్‌మెన్'ని పిల్లలకి తగ్గట్టు కత్తిరిస్తే ఏమీ మిగలదు. ముసుగు వేసుకుని న్యాయం పేరుతో కొట్టే మనిషి లోపల ఏముంటుందో చూపించాలంటే హింసనీ కామాన్నీ భయాన్నీ చూపించక తప్పదు. అయితే అలాంటి పుస్తకం తాను పెద్దలదని అట్ట మీదే చెప్పాలి. పిల్లలు నెలనెలా ఎదురుచూసే సిరీస్ మధ్యలోకి చెప్పాపెట్టకుండా రాకూడదు. ఈ ఒక్క షరతు పాటించని పుస్తకాలతోనే గొడవంతా వచ్చింది.

ఇప్పుడు ముద్రల సంగతి. 1954 నుంచి అమెరికన్ కామిక్స్ అట్టల మీద తపాలా బిళ్లంత గుర్తు ఒకటి ఉండేది. కామిక్స్ కోడ్ అథారిటీ ఆమోదించిందని దాని అర్థం. అది చట్టం కాదు, ప్రచురణకర్తలే కలిసి పెట్టుకున్న కట్టుబాటు. కానీ ఆ గుర్తు లేని పుస్తకాన్ని పంపిణీదారులు చాలావరకు ముట్టుకునేవారు కాదు. స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు వేసే మార్వెల్ కంపెనీ 2001లో దాని నుంచి బయటికొచ్చి సొంత ముద్రలు పెట్టుకుంది. బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ 2011 జనవరిలో వదిలేసింది. ఆ వెంటే ఆర్చీ అనే మరో కంపెనీ కూడా వదిలేయడంతో కోడ్ కథ ముగిసింది. అప్పటి నుంచి ఈ పుస్తకాలకి వయసు నిర్ణయించే బయటి సంస్థ లేదు. అచ్చువేసి అమ్ముకునేవాళ్లే ముద్ర కూడా వేస్తారు. ఈ పద్ధతికున్న మొదటి బలహీనత ఇదే.

రెండోది ఇంకా ఇబ్బంది పెడుతుంది: ఒకే అక్షరానికి రెండు కంపెనీల్లో రెండు అర్థాలు. మార్వెల్ పుస్తకం మీద 'టి ప్లస్' ఉంటే 13 ఏళ్లు, ఆపైన. డీసీ 2011లో తెచ్చిన పద్ధతిలో అదే 'టి ప్లస్' అంటే 15 ఏళ్లు, ఆపైన. ఉత్త 'టి' దగ్గరా అంతే. డీసీలో అది 12 ఏళ్లకి. మార్వెల్‌లో మాత్రం చాలామంది చదవొచ్చు, చిన్నపిల్లలకైతే పెద్దవాళ్లు ముందు చదివి చూస్తే మంచిది అని. మార్వెల్‌లో ఆ పైమెట్టు 'పేరెంటల్ అడ్వైజరీ', అంటే 15 నుంచి. చివరి మెట్టు 'మ్యాక్స్', 18 నిండినవాళ్లకి. డీసీలో చివరిది 'ఎం', 17 నుంచి. 2019లో డీసీ ఈ అక్షరాల బదులు 8-12, 13 పైన, 17 పైన అని మూడు అంచెలు ప్రకటించింది. అంకె వేయడం అక్షరం కంటే వందరెట్లు నయం, ఇందులో డీసీని మెచ్చుకోవాలి. కాకపోతే అంతకుముందు అచ్చయిన సంపుటాల మీద పాత అక్షరాలే ఉన్నాయి. అవి కొనేటప్పుడు ముందు కంపెనీ పేరు చూసి, ఆ తర్వాతే అక్షరం అర్థం చూసుకోవాలి.

మూడో లోపం: వయసు చెప్తారు, కారణం చెప్పరు. అమెరికాలో వీడియో గేములకి 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ ముద్ర ఉంది. అందులో అక్షరంతో పాటు రక్తం, బూతులు, లైంగిక విషయాలు అని ఎందుకు ఆ ముద్ర పడిందో రెండు మూడు మాటల్లో డబ్బా వెనక రాస్తారు. కామిక్స్ అట్ట మీద ఆ ఒక్క లైను లేదు. 15 ఏళ్ల పిల్లకి నరుకుళ్లు ఇబ్బంది కాకపోవచ్చు, ఆత్మహత్య ప్రస్తావన అవ్వొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకి కావాల్సిన సమాచారం అది. అదే దొరకదు.

అసలు చిక్కు దీనికంటే లోతుగా ఉంది. ముద్ర వేసేవాళ్లు ఏం గీశారో లెక్కపెడతారు, కథ ఏం చెప్తోందో చూడరు. కోడ్ రోజుల్లోనే ఇది రెండుసార్లు బయటపడింది. 1971లో మత్తుమందుల వల్ల వచ్చే నష్టం గురించి రాయమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే కోరితే, స్టాన్ లీ 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 96 నుంచి 98 వరకు మూడు సంచికలు రాశాడు. మాత్రలు మింగి స్పైడర్‌మ్యాన్ స్నేహితుడు హ్యారీ ఆస్‌బర్న్ ఎలా కుప్పకూలతాడో అందులో ఉంటుంది. మత్తుమందు మాటే రాకూడదని కోడ్ ఒప్పుకోలేదు. మార్వెల్ ఆ మూడింటినీ గుర్తు లేకుండానే విడుదల చేసింది, అదే ఏడాది కోడ్ తన నియమం మార్చుకోవాల్సి వచ్చింది.

ఇక 1980 నాటి 'అవెంజర్స్' 200వ సంచిక. దాని మీద గుర్తు భేషుగ్గా ఉంది. లోపల రక్తం లేదు, నగ్నత్వం లేదు, ఒక్క బూతు లేదు. ఉన్నది ఇది: అవెంజర్స్ జట్టులోని కెరొల్ డాన్వర్స్ అనుకోకుండా గర్భవతి అవుతుంది, బిడ్డ పుడతాడు, గంటల్లో పెరిగి పెద్దవాడవుతాడు. తానే యంత్రం సాయంతో ఆమె మనసుని తనవైపు తిప్పుకున్నానని, ఇలా పుట్టడం కోసమే అదంతా చేశానని చెప్తాడు. ఆమె అతనితో వెళ్లిపోతుంది. తోటి వీరులు సంతోషంగా సాగనంపుతారు. మనసు లాక్కుని ఆడమనిషిని వాడుకున్న కథ అది. ప్రేమకథలా చెప్పారు, పిల్లల చేతుల్లో పెట్టారు. మరుసటి ఏడాది 'అవెంజర్స్' పదో వార్షిక సంచికలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ కెరొల్‌ని వెనక్కి తీసుకొచ్చి, మీరంతా ఎలా చూస్తూ ఊరుకున్నారని ఆ వీరులనే నిలదీయించాడు.

దీని పక్కన 2001లో మొదలైన 'ఎలియాస్'ని పెట్టి చూడండి. మ్యాక్స్ వరుసలో వచ్చిన మొదటి సిరీస్. మొదటి సంచికలో మొదటి మాటే బూతు. కథానాయిక జెస్సికా జోన్స్ తాగుతుంది, తిడుతుంది, తనని తాను అసహ్యించుకుంటుంది. ఎందుకన్నది చివరి సంచికల్లో తెలుస్తుంది: మాటతోనే మనుషుల్ని లొంగదీసుకునే పర్పుల్ మ్యాన్ ఆమెని నెలల తరబడి గుప్పిట్లో పెట్టుకున్నాడు. విషయం అవెంజర్స్ సంచికలోదే. కానీ ఇక్కడ అది నేరమని కథకి తెలుసు, ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుందనీ తెలుసు. లెక్క ప్రకారం మొదటిది పిల్లలది, రెండోది పెద్దలది. పిల్లల మనసుకి చేటు చేసేది మాత్రం మొదటిదే. పెద్దల కామిక్స్ ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు: ఇలాంటి విషయాన్ని పూర్తిగా, నిజాయితీగా చెప్పే చోటు ఒకటి ఉంటే, దాన్ని అరకొరగా పిల్లల పుస్తకంలో దూర్చే అవసరం పోతుంది.

1980ల చివర్లో డీసీ ముద్రలు పెడతానంటే అలన్ మూర్, ఫ్రాంక్ మిల్లర్ లాంటి రచయితలు గట్టిగా వ్యతిరేకించారు. ముద్ర పేరుతో రచయిత చేతులు కట్టేస్తారన్న భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ 'ఎలియాస్' విషయంలో స్పష్టమైన ముద్రే రచయితకి స్వేచ్ఛ ఇచ్చింది. ముద్ర లేకుండా అదే దారి తొక్కితే ఏమవుతుందో 2004 నాటి 'ఐడెంటిటీ క్రైసిస్'లో చూడొచ్చు. అట్ట నిండా జస్టిస్ లీగ్ వీరులు, మామూలు సిరీస్‌ల మధ్యే అమ్మకం, రెండో సంచికలో అత్యాచారం. లోపల ఏముందో అట్ట ఒక్క ముక్క చెప్పదు.

అందుకే మ్యాక్స్‌కీ, డీసీలో పెద్దల పుస్తకాల వరుస అయిన బ్లాక్ లేబుల్‌కీ 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. మ్యాక్స్ పుస్తకాల మీద హెచ్చరిక పెద్ద అక్షరాలతో అట్ట మీదే ఉంటుంది, పత్రికలమ్మే కొట్లకి వాటిని పంపకూడదని మార్వెల్ తన నియమాల్లోనే రాసుకుంది. బ్లాక్ లేబుల్ మొదటి పుస్తకం, 2018 నాటి 'బ్యాట్‌మ్యాన్: డ్యామ్డ్', ఆకారంలోనే వేరు. మామూలు కామిక్ వెడల్పు దాదాపు 6.6 అంగుళాలైతే ఇది 8.5. బల్ల మీద పడేసి ఉన్నా ఇది వేరే పుస్తకమని దూరం నుంచే తెలుస్తుంది. తగ్గిన ఆ ఒక్క మార్కూ ఈ పుస్తకం వల్లే. మొదటి సంచికలో బ్యాట్‌మ్యాన్ నగ్నంగా కనిపించే బొమ్మ మీద గోల మొదలవగానే డీసీ వెనక్కి తగ్గింది. డిజిటల్ ప్రతిలో, తర్వాత వచ్చిన సంపుటంలో ఆ భాగాన్ని నల్లగా కప్పేసింది. పెద్దలదని ముద్ర వేసి, వేరే సైజులో అచ్చువేశాక, మళ్లీ పిల్లల కొలత పెట్టడం తప్పు. ఒకే పుస్తకం అచ్చులో ఒకలా, తెర మీద ఒకలా ఉంటే ముద్ర మీద నమ్మకం ఎలా ఉంటుంది?

కప్పేయడం కూడా చేతకావాలి. 2008లో 'ఆల్ స్టార్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' పదో సంచికలో బూతుల మీద నల్ల పట్టీలు వేశారు, కింద అక్షరాలు చెరపలేదు. అవీ నల్లవే. అచ్చులో రెండు నలుపులూ కలిసిపోకుండా తేడాగా పడటంతో ప్రతి మాటా చక్కగా చదవడానికి వచ్చింది. ప్రతులు ధ్వంసం చేయమని డీసీ అమ్మకందారులని కోరేసరికే కొన్ని బయటికి వెళ్లిపోయాయి. ముందు అక్షరాలు తీసేసి తర్వాత పట్టీ వేసుంటే పోయేది.

నెలవారీ సిరీస్‌ల మీది అక్షరాలకి మాత్రం 2 మార్కులే. అవి అసలే చిన్నవి, మార్వెల్‌లో బార్‌కోడ్ గళ్లో ఒక మూల ఉంటాయి. సంపుటంగా వచ్చినప్పుడు ఎక్కువగా వెనక అట్టకి వెళ్లిపోతాయి. 2001కి ముందు కథల్ని మళ్లీ అచ్చువేసిన సంపుటాల్లో ఆ కథలు రాసేనాటికి అక్షరాల పద్ధతే లేదు, కాబట్టి వాటిని కళ్లతో చూసుకోవడమే దారి.

చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నెలవారీ సంచికలో కథ ఇప్పుడు సుమారు 20 పేజీలు. పాఠకుణ్ణి వచ్చే నెలకి లాక్కెళ్లే పెద్ద బొమ్మ, చావైనా ద్రోహమైనా, ఎక్కువగా చివరి పేజీలో పెడతారు. ఐదారు సంచికలు కలిపిన సంపుటం చేతిలో ఉంటే 20, 40, 60, 80 అలా ప్రతి ఇరవయ్యో పేజీకి అటూ ఇటూ రెండేసి పేజీలు తిప్పితే అందులో అత్యంత ఘాటైనవి కంటపడతాయి. ఐదు నిమిషాల పని. మొదటి పది పేజీలు చదివి సరేననుకోవడం దండగ.

మొదటి సంపుటం చూసి మొత్తం సిరీస్‌కి ఒప్పేసుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. 2003లో మొదలై 2018లో 144వ సంచికతో ముగిసిన 'ఇన్విన్సిబుల్' దీనికి తిరుగులేని ఉదాహరణ. రంగులు పసుపు, నీలం. గీత శుభ్రంగా, గుండ్రంగా ఉంటుంది. మొదటి సంపుటంలో 1 నుంచి 4 సంచికలు, కొత్తగా శక్తులొచ్చిన కుర్రాడు, వాళ్ల నాన్న, సరదా. ఏడో సంచికలో, అంటే రెండో సంపుటంలో, ఆ నాన్నే తోటి వీరులందర్నీ చంపేస్తాడు. అక్కడి నుంచి రక్తం పెరుగుతూనే పోతుంది. ఆ గీతలో ఆ రక్తం రావడమే కథకి బలం, పెద్దలకి తప్పకుండా చెప్పదగ్గ సిరీస్. పదేళ్లవాడికి కాదు. ఏ సిరీస్ అయినా మొదటిదీ, మధ్యదీ, చివరిదీ మూడు సంపుటాలు చూశాకే నిర్ణయించుకోవాలి.

డిజిటల్‌లో ఇంకో సంగతి గమనించాలి. ఫోన్ తెరకోసం ఒక్కో ప్యానెల్‌నే పెద్దది చేసి చూపించే పద్ధతిలో, అచ్చు పేజీలో మూల ఉన్న చిన్న బొమ్మ తెరంతా నిండిపోతుంది. అచ్చులో కన్ను దాటేసే గాయం ఇక్కడ దాటదు. పెద్ద క్రాస్ఓవర్ కథల్లో ఒక సిరీస్ నుంచి ఇంకోదానికి వెళ్లాల్సి వస్తుంది. మొదలుపెట్టింది 'టి' అయినా మూడో సంచికకల్లా 'పేరెంటల్ అడ్వైజరీ'లో తేలొచ్చు. చదవాల్సిన వరుసలో ఉన్న ప్రతి పేరుకీ ముద్ర విడిగా చూడాలి.

పిల్లలకి ఇచ్చే పుస్తకం చప్పగా ఉండాలని కూడా కాదు. 2019-20లో మూడు భాగాలుగా వచ్చిన 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్' చిన్నవాళ్ల కోసం చేసిందే. జాతి ద్వేషం, ఇంటి ముందు మండే శిలువ, భయపడ్డ చైనీస్ కుటుంబం, అన్నీ ఉన్నాయి అందులో. 1946 నాటి రేడియో కథ దానికి ఆధారం. తొమ్మిది పదేళ్ల పిల్లలతో కలిసి చదవడానికి బాగుంటుంది, అడిగే ప్రశ్నలకి జవాబులు సిద్ధంగా పెట్టుకోవాలి. 13 దాటిన పిల్లలకైతే కమలా ఖాన్ కథ, 2014లో మొదలైన 'మిస్ మార్వెల్', నిశ్చింతగా ఇవ్వొచ్చు. హార్లీ క్విన్ కావాలని పట్టుబట్టే ఎనిమిదేళ్ల పాపకి 'సూపర్ హీరో గర్ల్స్' తెప్పించండి. ఆన్‌లైన్‌లో వెతికితే 'హార్లీన్' కూడా పక్కనే కనిపిస్తుంది, ఆ చిన్న బొమ్మలో బ్లాక్ లేబుల్ గుర్తు కంటికి ఆనదు. వివరాల దాకా కిందికి జరిపి 17 అన్న అంకె ఉందో లేదో చూసి, ఆ తర్వాత ఆర్డర్ పెట్టండి.